పై గడిలో శ్రీ

రెడ్డెమ్మ వేళ్ళకు ఒక అలవాటుంది. మీటల ముందు కూర్చుంటే చాలు, ఆమెను అడక్కుండానే మూడక్షరాలు కొట్టేస్తాయి. ఎస్, ఆర్, ఐ. శ్రీ అన్నమాట. అసలు పని ఆ తర్వాతే. ఈ అలవాటు పుణ్యమా అని పదకొండుమంది ఆడపిల్లల ఉద్యోగాలు ఊడబోయాయి, అమెరికాలో ఒక ఆసుపత్రివాళ్ళు బెంబేలెత్తిపోయారు, బెంగళూరు నుంచి కారు వేసుకుని విచారణకు మనిషి దిగింది. మూడక్షరాలకు ఇంత రాద్ధాంతమా అంటారేమో. తొందరపడకండి, మొదట్నుంచీ వింటే మీకే తెలుస్తుంది.

రెడ్డెమ్మది కలకడ పక్కన పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం వైపు చూపు, అదీ వాళ్ళ సేద్యం. ఇంటరు అయ్యాక, తొంభై మూడులో, మదనపల్లెలో పెద్దమ్మ ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటానంది. వాళ్ళ నాయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు తనే బస్సెక్కించి వచ్చాడు. కోపం కొండంత, మనసు మాత్రం వెన్న. ఆయన ఆరోజు బస్సెక్కించకపోతే తన బతుకు వేరుగా ఉండేదని రెడ్డెమ్మ ఇప్పటికీ దండం పెట్టుకుంటుంది.

మదనపల్లెలో టైపు నేర్పిన మాస్టారి పేరు కొండప్ప. ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు గానీ గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. ఆయన దగ్గర ఎవరూ కాగితం ఎక్కించీ ఎక్కించగానే పాఠం మొదలుపెట్టకూడదు. ముందు పైన నడిమధ్యలో శ్రీ కొట్టాలి.

"కాగితానికి తల ఉండాలమ్మా," అనేవాడు. "శ్రీ ల్యాని కాగితం బోడిగుండు మాదిరి ఉంటాది. ఇంకోటి సూడు. ఎస్సుకు ఎడంచెయ్యి ఉంగరం వేలు, ఆర్‌కు ఎడం చూపుడు వేలు, ఐకి కుడిచెయ్యి నడిమి వేలు. రెండు చేతులూ నిద్ర లేచినాయా ల్యాదా అని ఆడనే తెలిసిపోతాది."

దేవుడికి దేవుడు, కసరత్తుకు కసరత్తు. రెడ్డెమ్మ లోయరు పాసయింది, హయ్యరు పాసయింది. శ్రీ ఆమె వేళ్ళలో ఇంకిపోయింది.

తొంభై ఆరులో పెళ్ళి. మొగుడు సుబ్రహ్మణ్యం ఆర్టీసీలో కండక్టరు, పుంగనూరు డిపో. మాటకారి కాదు, ఎగతాళిలో మాత్రం దిట్ట. ఆయనే ముందుగది ఖాళీ చేసి, "ఈడ నీ మిషన్లు పెట్టుకో, ఆ టకటకకు నాకు బాగా నిద్ర పడతాది" అన్నాడు. ఆరు పాత మిషన్లతో ఇన్‌స్టిట్యూటు మొదలైంది. ఏడేళ్ళు నడిచింది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళ కాగితాలన్నిటి మీదా శ్రీ ఉండేది. ముస్లిం పిల్లలుంటే 786 కొట్టుకోమనేది. ఏదో ఒకటి, తల అంటూ ఉండాలి గదా.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఎదురు వీధిలో కంప్యూటర్ సెంటరు పెట్టిన ఏడాదికే రెడ్డెమ్మ ముందుగదిలో మిషన్ల మీద గుడ్డలు కప్పేశారు. టైపు నేర్చుకుంటే ఏమొస్తుంది మేడమ్ అని పిల్లలు మొహం మీదే అడిగిపోయారు. రెండువేల నాలుగులో సుబ్రహ్మణ్యానికి కుప్పం డిపోకు బదిలీ అయింది. ఆరు మిషన్లూ పాత ఇనప సామాన్ల వాడి బండెక్కాయి. ఆ బండి మలుపు తిరిగేదాకా ఆమె గడప దగ్గరే నిలబడి ఉంది.

కుప్పంలో రెండేళ్ళు ఊరికే కూర్చుంది. ఊరికే అంటే ఇంటెడు చాకిరీ చేస్తూనే, కాకపోతే పొద్దస్తమానం వేళ్ళు తొడమీద టకటకలాడేవి. సుబ్రహ్మణ్యం చూసి, "ఏమ్మే, నా బనియన్ల లెక్క టైపు కొడతాండావా" అని నవ్వేవాడు. ఆమెకు నవ్వొచ్చేది కాదు. పుంగనూరులో ఆమె టైపు మేడమ్. కుప్పంలో కండక్టరు పెండ్లాం, అంతే.

రెండువేల ఆరులో ఒక కల్యాణమండపం మేడ మీద ఆఫీసు తెరిచారు. కంప్యూటర్ పని, ఆడపిల్లలకు కూడా ఉద్యోగాలు అని కరపత్రాలు పంచారు. రెడ్డెమ్మ వెళ్ళింది. వచ్చినవాళ్ళలో ఈమే పెద్దది, మిగతావాళ్ళంతా ఇరవై దాటీ దాటని పిల్లలు. పరీక్ష పెట్టింది మేనేజరు ప్రవీణ్, మదనపల్లెవాడే, ఎమ్‌సీఏ చదివి బెంగళూరులో నాలుగేళ్ళు చేసి వచ్చాడు. పిల్లలు ఒక్కో మీట వెతుక్కుంటూ నిమిషానికి ఇరవై మాటలు కొడుతుంటే, రెడ్డెమ్మ కిటికీలోంచి బయట చూస్తూ అరవై కొట్టింది.

"అక్కా, ఇన్నాళ్ళూ మీరు యాడుండారు?" అన్నాడు ప్రవీణ్.

"మీ పక్క వీధిలోనే ఉండానప్పా. మీరే ఇప్పుడొస్తిరి," అంది రెడ్డెమ్మ.

పని ఏమిటంటే, అమెరికాలో ఒక ఆసుపత్రిలో రోగుల పాత కార్డులు లక్షలకొద్దీ ఉన్నాయి. అన్నీ చేతిరాతవి. వాటిని ఫొటో తీసి పంపిస్తే తెరకు ఒక పక్క కార్డు కనబడుతుంది, రెండోపక్క ఖాళీ గళ్ళుంటాయి. చూసి కొట్టడమే. అమెరికావాళ్ళు ఈ పని బెంగళూరు కంపెనీకి ఇచ్చారు, బెంగళూరువాళ్ళు కుప్పం పంపారు. వాళ్ళకది చవక పని. ఇక్కడి పిల్లలకు మాత్రం అది మొదటి జీతం, కొందరిళ్ళలో తరతరాల్లోకీ మొదటి జీతం. కింద మండపంలో మంగళవాయిద్యాలు మోగుతుంటే పైన వీళ్ళు అమెరికావాళ్ళ మోకాళ్ళ నొప్పులూ గుండెజబ్బులూ కొట్టేవాళ్ళు.

ఇక నిబంధనలు. గోడమీద పదమూడు, ఇంగ్లీషులో. సెల్‌ఫోను లోపలికి రాకూడదు. పెన్నూ కాగితం రాకూడదు. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పకూడదు. చెప్పులు బయటే విడవాలి, అది మాత్రం ఎవరూ చెప్పకుండానే చేసేవాళ్ళు. తొమ్మిదోది అన్నిటికన్నా గట్టిది. కార్డులో కనబడింది కనబడినట్టు కొట్టాలి, ఒక అక్షరం ఎక్కువ కొట్టినా ఆ ఐడీ గలవాళ్ళను తీసేస్తారు. రెడ్డెమ్మ ఈ పదమూడూ తెలుగులో చెప్పి పిల్లలచేత ఎక్కంలా వల్లె వేయించింది. ఎవరైనా తప్పు స్పెల్లింగు దిద్దితే, "ఆయన పేరు దిద్దేదానికి నువ్వెవరు, వాళ్ళమ్మవా?" అని కసిరేది.

మరి శ్రీ? అదే చిత్రం. తెరమీద అన్నిటికన్నా పైన ఒక చిన్న గడి ఉండేది. కార్డుల్లో దానికి సరిపడేది ఏదీ ఉండదు, దాన్ని ఖాళీగా వదిలేయమన్నారు. అదెందుకో ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే మొదటి కార్డు తెరవగానే రెడ్డెమ్మ వేళ్ళు ఆ గడిలో శ్రీ కొట్టేసి కిందికి దిగేవి. చూసి పిల్లలూ అలాగే చేశారు. నేర్పేటప్పుడు ఆమే చెప్పింది కూడా, రెండు చేతులూ నిద్ర లేచాయో లేదో తెలుస్తుందని. తొమ్మిదో నిబంధన తప్పుతున్నామని ఆమెకు కల్లో కూడా తోచలేదు. అది టైపు కొట్టడం కాదు గదా, పని మొదలుపెట్టే ముందు చేతులు కడుక్కోవడంలాంటిది. ఆ గడిలో కొట్టింది ఎక్కడికీ పోయేది కూడా కాదు. అందుకే చాన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు.

ఈలోగా రెడ్డెమ్మను చెకింగు బల్లకు మార్చారు. ఇక ఆమె కొట్టక్కర్లేదు, పిల్లలు కొట్టినవి సరిచూడాలి. పుంగనూరులో తన దగ్గర నేర్చుకున్న గీత గుర్తొచ్చి, మొగుడి బస్సులోనే కబురు పంపింది. గీత తల్లి పూలమ్మ కూలికి పోయే మనిషి. గీత వచ్చి చేరింది, మరో ఇద్దరితో కలిసి గది తీసుకుంది, ఆఫీసులో అందరికన్నా తప్పులు తక్కువ ఆ పిల్లవే. రెడ్డెమ్మకు లోలోపల గర్వంగా ఉండేది.

రెండువేల ఏడు వేసవిలో ఆసుపత్రివాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. అప్పట్నుంచి పై గడిలో కొట్టింది కూడా వాళ్ళకు చేరసాగింది. చెకింగు తెరమీద ఆ పై గడి కనబడదు. నెలరోజులు గడిచాయి.

ఒక సోమవారం బెంగళూరు ఆఫీసు నుంచి శాలిని అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఇంట్లో తెలుగే, ఆఫీసులో నవ్వులేని మనిషి. వస్తూనే పదకొండుమంది ఐడీలు చదివి, ఒక్కొక్కరినే అద్దాల గదిలోకి పిలిచింది. అందులో రెడ్డెమ్మ ఐడీ లేదు. చెకింగు బల్ల దగ్గర కూర్చుని ఏం కొంప మునిగిందో అనుకుంటూ తన పని తాను చేసుకుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ ప్రవీణ్ వచ్చి పక్కన కూలబడ్డాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అక్కా, ఆసుపత్రోళ్ళు రోగులకు ఉత్తరాలు పంపినారు. రెండు వందల ముప్పై మందికి పేరు ముందర ఎస్సారై అని పడిండాది. రోజూ ఒక్కొక్కరి మొదటి కార్డులో మాత్రమే. ఇది ఏదో దొంగ గుర్తు, కార్డులు బయటోళ్ళకి అమ్ముతాండారు అంటాండారు వాళ్ళు."

రెడ్డెమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మొదలుపెట్టిందెవరో సాయంత్రంలోగా చెప్పాలంట," అన్నాడు ప్రవీణ్. "సెప్తే ఆమె ఒక్కతే పోతాది. ల్యాకుంటే పదకొండుమందీ పోతారు. ఒక్క పిల్ల కూడా నోరు ఇప్పల్యా. మీకేమన్నా తెలుసునా?"

"తినేసి సెప్తానప్పా," అంది రెడ్డెమ్మ. తినలేదు, చెప్పలేదు.

ఉన్నమాట దాచడం దేనికి? ఆమె భయపడింది. ఉద్యోగం పోతే తిండికి లోటు లేదు, కండక్టరు జీతముంది. కానీ మళ్ళీ ఆ ఇంట్లో, ఆ నాలుగు గోడల మధ్య, వేళ్ళు తొడమీద కొట్టుకుంటూ? పోయిన పేరు రెండేళ్ళ తర్వాత తిరిగి దొరికింది. ఇప్పుడది దొంగ అనే పేరుతో పోతుందా? ఐడీల జాబితాలో తను లేదు. పిల్లలు చెప్పలేదు. ఊరుకుంటే ఏమవుతుందో చూద్దాం అనుకుంది. అలా అనుకుంటూ నలభై కార్డులు సరిచూసింది. వాటిలో ఏముందో ఒక్కటీ బుర్రకెక్కలేదు.

మూడు గంటలప్పుడు అద్దాల గదిలోంచి గీత బయటికి వచ్చి, తన కుర్చీ దగ్గరికి వెళ్ళి, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ప్రవీణ్ వెనకే వచ్చి, "ఆ పిల్లే మొదలుపెట్టిందంటక్కా. తనే ఒప్పుకునింది," అన్నాడు మెల్లగా.

రెడ్డెమ్మ లేచింది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయింది. తలుపు కొట్టాలని కూడా తోచలేదు.

"ఆ పిల్ల అబద్ధం సెప్తాండాది మేడమ్. అందరికీ నేర్పింది నేను."

శాలిని తల ఎత్తింది. "మీ ఐడీ ఇందులో లేదే."

"నన్ను చెకింగుకు మార్చినారు కాబట్టి ల్యా. అంతకుముందు ఎనిమిది నెలలు రోజూ కొట్టినాను."

"ఎస్సారై అంటే ఏమిటి?"

"శ్రీ మేడమ్."

శాలిని తన ల్యాప్‌టాప్ ఈమె వైపు తిప్పి, తెల్లటి పేజీ తెరిచింది. "మీ పేరు కొట్టండి చూద్దాం."

ఒళ్ళు దగ్గర పెట్టుకునే కొట్టింది రెడ్డెమ్మ. పేరొక్కటే కొట్టాలని గట్టిగా అనుకునే కొట్టింది. తెరమీద మాత్రం పైన ఎస్, ఆర్, ఐ, దాని కింద రెడ్డెమ్మ. తన వేళ్ళను తనే తిట్టుకుంటూ కొండప్ప మాస్టారి సంగతి, బోడిగుండు సంగతి, నిద్ర లేచే చేతుల సంగతి అంతా చెప్పింది. చెబుతుంటే మధ్యలో ఏడుపొచ్చింది. "పిల్లోళ్ళ తప్పేమీ ల్యా. నన్ను తీసేయండి. దొంగతనం అని మాత్రం రాయొద్దండి," అంది.

తలుపు దగ్గర నిలబడ్డ ప్రవీణ్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆ పై గడి ఏందో ఇప్పుడే సూసినాను. మిస్టర్, మిసెస్ అని రాసే గడి అది. మనోళ్ళు శ్రీ అని కొట్టినారు. శ్రీ అంటే మిస్టరే కదా."

శాలిని పెదవులు బిగించుకుంది. ఆపుకోలేకపోయింది పాపం, నవ్వేసింది. "ఆ రోగుల్లో సగంమంది ఆడవాళ్ళు ప్రవీణ్. శ్రీమతి అని ఉండాలి," అంది. ఆ తర్వాత నవ్వు మాని, రెండు గంటలు కూర్చుని అమెరికాకు ఉత్తరం రాసింది. పదకొండుమంది పిల్లల్నీ పిలిచి, విడివిడిగా శ్రీ గురించి అడిగి, వాళ్ళ మాటలు కూడా అందులో పెట్టింది. ఆవిడకు ఆ అవసరం లేదు. గీత ఒప్పుకుంది, గీతను తీసేస్తే ఆవిడ పని అయిపోయేది. రెండు గంటల శ్రమ పడ్డ ఆ మనిషిని రెడ్డెమ్మ ఎప్పుడు తల్చుకున్నా చల్లగా ఉండాలనే అంటుంది. జవాబు వచ్చేదాకా ఈ విషయం ఎవరూ ఎవరితో మాట్లాడకూడదని చెప్పి శాలిని వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు. రెడ్డెమ్మ ఆఫీసుకు వస్తోంది, పోతోంది, గీత ఎదురుపడితే ఇద్దరూ తలలు దించుకుంటున్నారు. ఇంట్లో సుబ్రహ్మణ్యం ఎగతాళి మానేశాడు. అదే ఆమెకు మరీ భయం వేసింది.

పదోరోజు ప్రవీణ్ అందరినీ నిలబెట్టి చదివాడు. ఎవర్నీ తీసేయడం లేదు. పై గడికి తాళం వేసేశారు. పాడైన పేర్లన్నీ ఆదివారం వచ్చి సరిచేయాలి. రెడ్డెమ్మ ఐడీ మూడు నెలలు ఆపేస్తారు, అన్ని రోజులూ కొత్తగా చేరేవాళ్ళకు టైపు నేర్పాలి. గోడమీద పద్నాలుగో నిబంధన పడింది: పని మొదలుపెట్టే ముందు ఏమీ కొట్టకూడదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెడ్డెమ్మ గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. ఏ దేవుడికి మొక్కుకుందో ఆమెకే గుర్తులేదు, అందరికీ ఒకేసారి మొక్కుకుంది.

సాయంత్రం మెట్లు దిగుతూ రెడ్డెమ్మ గీత చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీ ఇంటికి ఆ జీతమే గదా ఆధారం. యాల ఒప్పుకుంటివి? నేను నీకు కబురు పంపి ఈ ఉద్యోగం ఇప్పిస్తిననా?"

"అది కాదు మేడమ్," అంది గీత. చెప్పాలా వద్దా అన్నట్టు కిందికి చూసింది. "పుంగనూర్లో మొదటి రోజు. నాకు వేళ్ళు యాడ పెట్టాల్నో తెల్లేదు. మీరొచ్చి పక్కన కూసోని, నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకోని మీటల మీద పెట్టినారు. మాయమ్మ పెద్దోళ్ళిండ్లకు పన్లోకి పోతే, దప్పికైతే దోసిలి పట్టాల. పైనుంచి నీళ్ళు పోస్తారు. నేనూ అట్లే తాగినాను చిన్నప్పుడు. నా చెయ్యి పట్టుకున్న పెద్దింటోళ్ళు మీరే మొదులు."

రెడ్డెమ్మకు ఆరోజు బొత్తిగా జ్ఞాపకం లేదు. ఎంతమంది పిల్లల వేళ్ళో పట్టుకుంది, అందులో ఇదొకటి. జ్ఞాపకం వచ్చింది వేరే. కలకడ దగ్గర తమ ఇంటి వెనక వాకిలి, వేరుశనగ పీకడానికి వచ్చిన ఆడవాళ్ళు, ఇత్తడి చెంబుతో పదేళ్ళ తను. చెయ్యి తగలకుండా ఎంత ఎత్తు నుంచి పోయాలో అవ్వ నేర్పింది. అదీ బాగానే నేర్చుకుంది.

"మా ఇంట్లో నేనూ అట్లే పోసినాను గీతా," అంది.

"పోసింటారు మేడమ్," అంది గీత. గొంతులో కోపం లేదు.

"ఈ ఆదివారం పనైనాక మీయమ్మను పిల్చుకోని మా ఇంటికి రా. అన్నం తిందురు," అంది రెడ్డెమ్మ.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. పూలమ్మ పుంగనూరు నుంచి పొద్దున బస్సులో దిగింది, సుబ్రహ్మణ్యమే టికెట్టు కొట్టాడట. ఎండన పడి వచ్చిన మనిషి గడప బయటే నిలబడిపోతే గీత లోపలికి లాక్కొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. రెడ్డెమ్మ వంటింట్లోకి పోయి గ్లాసులో నీళ్ళు పట్టుకుని వచ్చింది. అది చూడగానే పూలమ్మ కొంచెం ముందుకు వంగి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టింది.

గీత "అమ్మా" అని ఏదో అనబోయింది. రెడ్డెమ్మ వద్దన్నట్టు చూసి, గ్లాసు తెచ్చి ఆ దోసిట్లో పెట్టింది. గ్లాసు కింద తన చేతులు కూడా అలాగే ఉంచింది. పూలమ్మ గ్లాసును చూసింది, ఆమె మొహం చూసింది, కూతుర్ని చూసింది. తర్వాత గ్లాసు ఎత్తి నోటికి ఆనించుకుని, ఒక్క చుక్క కూడా మిగల్చకుండా తాగింది.

"గ్లాసు యాడ కడగాల్నమ్మా?" అని అడిగింది.

"ఈడికియ్యమ్మా," అని రెడ్డెమ్మ చెయ్యి చాపింది.